వేపరెమ్మ నాటిన చోటు

నా స్కూటరు మీద కాళ్ల దగ్గర టీకాల పెట్టె ఉంటుంది, సీటు కింద బైనాక్యులర్ ఉంటుంది. మొదటిది సర్కారుది, రెండోది నాది. కమలాపురం చుట్టుపక్కల పల్లెల్లో పసిపిల్లలకు సూదులు వేసే నర్సుని నేను. నేను పోయే ఊర్లలో రెండింటికి మంచి తారు రోడ్డు ఉంది. అయినా చెరువు కట్ట మీది మట్టిదారినే పోతాను. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ పది నిమిషాలు కాస్తా ముప్పావు గంట అవుతుందని నాకూ తెలుసు, పిల్లల్ని చంకనేసుకుని ఎదురుచూసే తల్లులకూ తెలుసు. "నర్సమ్మ ఇంకా రాల్యా?" అని ఎవరన్నా అడిగితే, "యాడొస్తాది, కట్టమీద పిట్టలకు టీకాలేస్తాంటాది" అంటారు. నా మొహం మీదే అంటారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని పేరు గానీ, ఆ మాటకు మాత్రం ఎందుకో రాదు.

మాది కోసిగి వైపు. నా చిన్నతనంలో అక్కడ చెరువంటే మేకలు మేసే పల్లం. నీళ్లు బిందెలో ఉండేవి, తొట్టిలో ఉండేవి. ఆకాశం కింద పరుచుకుని, ఎవరి కాపలా లేకుండా, ఊరికే ఉండే నీళ్లను నేను చూడలేదు. మాకు సెంటు భూమి లేదు. వానలు మొహం చాటేసిన ఏడు మా అమ్మా నాయనా పనుల కోసం దూరం పోయేవాళ్లు. సంచులు, వంట సట్లు, దుప్పట్లు, మేము, అందరం కలిసి లారీ ఎక్కేవాళ్లం.

చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగం వచ్చి ఈ వైపుకు వచ్చిన మొదటి చలికాలంలో, ఒక పొద్దున దారి తప్పి ఈ కట్ట ఎక్కాను. నీళ్ల మీద వందలకొద్దీ బాతులు. తెల్లటి తల, తల వెనక రెండు నల్లటి పట్టీలు. ఫోనులో వెతికితే మంచుకొండలు దాటి వలస వస్తాయని ఉంది. వలస అన్న మాట చూసి నాకు కాస్త ఒళ్లు మండింది. మమ్మల్నీ అదే మాట అనేవాళ్లు, కానీ మమ్మల్ని చూడటానికి ఎవరూ బండి ఆపలేదు. అంతలో ఏమైందో, అవన్నీ ఒక్కసారి లేచాయి. నా నెత్తి మీద నుంచి పోతుంటే రెక్కల గాలి చెవులకు తగిలింది. కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ రోజు మొదటి ఊరికి గంటన్నర ఆలస్యంగా పోయాను.

అప్పటినుంచి నాకు ఏడాది అంటే నెలలు కాదు, చెరువు. చలికాలం పొద్దున్నే అది నిద్రలో మాట్లాడే మనిషిలా ఉంటుంది. మంచులో అవతలి ఒడ్డు కనబడదు. ఎక్కడో కుయ్‌మంటుంది, ఎక్కడో నీళ్లు చప్పుడవుతాయి, నుదుట తెల్లనామం పెట్టుకున్న నల్లకోళ్లు రెండు మంచులోంచి బయటికి వచ్చి మళ్లీ మంచులోకి పోతాయి. ఎర్రకాళ్ల పొడుగుపిట్టలు తమ నీడల మీదే నిలబడి ఉంటాయి. కాసేపు చూస్తే ఏది పిట్టో ఏది నీడో నాకు తెలియడం మానేస్తుంది, తెలుసుకోవాలనీ ఉండదు. స్కూటరు మీద టీకాల పెట్టెలో ఐసు కరుగుతుందన్న భయం ఒక్కటే నన్ను మళ్లీ ఈ లోకంలోకి తెస్తుంది.

చెరువుకు ఎగువ ఒడ్డున ఒక చీనీ తోట ఉంది, బత్తాయిని ఇక్కడ చీనీ అంటారు. తోటాయనకు అరవై దాటాయి. నేను పెద్దనాయనా అంటాను, ఆయన భార్యను పెద్దమ్మా అంటాను. నేను కట్ట మీద కళ్లకు బైనాక్యులర్ పెట్టుకున్నప్పుడల్లా ఆయన తోటలోంచి చెయ్యి ఊపుతాడు. నేను తననే చూస్తున్నానని కొన్నాళ్లు అనుకున్నాడట. ఆ చెట్లకు ఎనిమిదేళ్లు. పిల్లల్ని పెంచినట్టు పెంచారు అనడం మామూలు మాట. ఆయన తన పిల్లల్ని అంత శ్రద్ధగా పెంచలేదని పెద్దమ్మే అంటుంది.

తోటకు రెండు బోర్లు వేశాడు. మొదటిది మూడేళ్లకు ఎండిపోయింది. రెండోది నేను చెప్పే ఎండాకాలం మొదట్లో దగ్గి దగ్గి ఆగిపోయింది. చెరువు పక్కనే ఉండి బోరు ఎండటమేమిటని అడిగాను.

"చెరువు సోకంతా పైనేనమ్మా. కింద ఉండేది బండ" అన్నాడు. "చెరువులో మోటరు ఎయ్యాలంటే దిగువ వరి నాటే మడికట్టోళ్లు ఊరుకోరు. అయినా ఇంగో నెలకు ఆడ మాత్రం ఏముంటాది, బురద."

కాయ పిందె మీద ఉంది. ఆ ఎండలు దాటించాలంటే ఇంకో బోరు పడాలి, లేకపోతే ఎనిమిదేళ్ల చెట్లు పోతాయి. ఆయన మాట్లాడేదంతా తిరిగి తిరిగి అక్కడికే వచ్చేది.

నా గొడవ వేరే. ఎండాకాలానికి బాతులు వెళ్లిపోతాయి, కొంగలు తగ్గిపోతాయి, నీళ్లు రోజుకు కొంచెం వెనక్కి జరుగుతూ నెర్రెలిచ్చిన మట్టిని వదిలిపోతాయి. అప్పుడు మిగిలేది తీతువు జంట. తోటకూ చెరువుకూ మధ్య పెద్దనాయనదే ఒక రాళ్ల బీడు ఉంది. ఆ బీడులో, గూడూ గీడూ లేకుండా, ఉత్త నేల మీద గుడ్లు పెడుతుంది తీతువు. నాలుగు గుడ్లు, నాలుగూ రాళ్లలాగే ఉంటాయి. మొదటి ఏడు వాటిని గొర్రెలు తొక్కాయి. రెండో ఏడు ట్రాక్టరు పోయింది. తల్లిపిట్ట రెండు రోజులు ఆ టైరు జాడ చుట్టూ తిరగడం నేను చూశాను. మూడో ఏడు ఏమైనా సరే వీటిని బతికించాలని పట్టుబట్టాను. పిల్లలు లేనిదాన్ని కాబట్టి ఇదంతా అని కొందరు అన్నారు. అనుకోనీ.

నాలుగో గుడ్డు పెట్టిన మర్నాడు, గుడ్లకు అయిదారు అడుగుల దూరంలో చుట్టూ నాలుగు రాళ్లు పెట్టాను. గొర్రెల కాపరికి దూరం నుంచే కనబడాలని రాళ్ల మీద ఇంటినుంచి తెచ్చిన ముగ్గుపిండి చల్లాను. అది చాలదనిపించి ఒక రాయి పక్కన వేపరెమ్మ నాటాను. కాపరికి చెప్పాను. ట్రాక్టరాయనకు చెప్పాను. పెద్దనాయన ఆ రోజు కడపలో ఏదో పెళ్లికి పోయాడు, వచ్చాక చెబుదాంలే అనుకున్నాను. అంతలో అమ్మ కంటి ఆపరేషనని కబురొచ్చి వారం రోజులకు కోసిగి పోయాను. చెప్పాల్సిన మనిషికే చెప్పలేదు.

తిరిగొచ్చిన రోజు తెల్లవారుతుండగానే బీడుకు పోయాను. తీతువు గుడ్ల మీద కూర్చునే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత వేపరెమ్మ వైపు చూశాను. రెమ్మ పక్కనున్న రాయికి పసుపు పూసి ఉంది, పసుపు మీద కుంకుమ బొట్లు. పగలగొట్టిన కొబ్బరికాయ పెచ్చు, కాలిపోయిన ఊదొత్తుల బూడిద. నేను ఆ రాయిని పెట్టింది ఒక చేత్తో, మరో చేత్తో చెమట తుడుచుకుంటూ. అది ఇప్పుడు దేవుడై కూర్చుంది.

తోటలోంచి పెద్దనాయన గబగబా వచ్చాడు. అంత నవ్వు ఆయన మొహంలో నేను ఎప్పుడూ చూడలేదు.

"సూసినావామ్మా? బోరుకు పాయింటు పెట్టిపోయినాడు!"

"ఎవురు పెద్దనాయనా?"

"నీళ్లు సూసే ఆయప్ప. పక్కోళ్ల సేనుకొచ్చినప్పుడు, మాదీ ఒకతూరి సూడప్పా అని కాళ్లాయేళ్లా పడినా. నేను పెళ్లికి పోయిన పొద్దు వచ్చిపోయినట్టుండాడు. రాళ్లు పెట్టి, పిండేసి, రెమ్మ నాటి పోయినాడు. మనిషి మంత్రాలయం పోయినాడంట, ఫోను ఎత్తల్యా. ఎత్తకపోతే ఏముండాది, కండ్లకు కనపడ్తాంటే! ఎల్లుండి బోరుబండి వస్తాది."

మా వైపూ నీళ్లు చూసేవాళ్లు ఉంటారు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని నడుస్తారని, కింద నీళ్లున్న చోట అది లేచి నిలబడుతుందని విన్నాను. కానీ పాయింటు ఎట్లా గుర్తు పెడతారో నాకేం తెలుసు? బోరు వేయాలంటే ముందు భూమి ఉండాలి కదా. భూమి ఉన్న ఇంట్లో పుట్టిన ఏ పిల్లా ఈ సీమలో ఇంకొకరి బీడులో రాళ్లు పెట్టి, పిండి చల్లి, వేపరెమ్మ నాటదు.

"ఆ తీతువు సూడు, మూడు దినాల్నుంచి ఒగటే మొత్తుకునేది" అన్నాడు. "అది కూసిందంటే సెడు అంటారు గదా. నేను మాత్రం, కింద నీళ్లుండేది తెలిసి మొత్తుకుంటాందేమో అనుకున్నా."

ఆయన మొహం చూసి, టీకాలకు టైమయిందని చెప్పి వచ్చేశాను. ఆ రోజు ఒక తల్లి బిడ్డను ఒళ్లో పెట్టుకుని, "ఏందక్కా, సూది నీకు గుచ్చినట్టు మొహం పెట్టినావు" అంది.

రోజంతా ఆలోచించి నేనొక దొంగ ఉపాయం కనిపెట్టాను. రాళ్లు, రెమ్మ తీసి యాభై అడుగులు అవతల పెట్టేస్తే సరి. గుడ్లు బతుకుతాయి, పెద్దనాయన ఆశా బతుకుతుంది. నేల కింద ఎక్కడ ఏముందో ఎవరికి తెలుసు? అక్కడ పడే నీళ్లు ఇక్కడా పడొచ్చు. సాయంత్రం వాలుతుండగా బీడులోకి పోయి, పసుపు రాసిన రాయి ఎత్తాను. తీతువు లేచి నా నెత్తి మీద తిరుగుతూ గగ్గోలు పెట్టింది. దాన్ని కాపాడటానికి వచ్చిన నన్నే అది పట్టించింది. చప్పుడు విని పెద్దనాయన తోట గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. నా చేతిలో రాయి ఉంది, అరచేతులు రెండూ పసుపు.

ఇంక దాచేందుకు ఏముంది. "పెద్దనాయనా, ఇది పాయింటు కాదు. ఇది నేను పెట్టినా. ఈడ తీతువు గుడ్లుండాయి. అవి తొక్కకుండా పెట్టినా" అన్నాను.

ఆయన దగ్గరికి వచ్చాడు. నేను వేలు పెట్టి చూపించాక గానీ ఆయనకు గుడ్లు కనబడలేదు. కనబడ్డాక అట్లే గొంతుక్కూర్చుండిపోయాడు. తిడతాడేమోనని చూశాను. తిట్టుంటే నాకు బాగుండేది.

"అయితే ఆయప్ప రానేల్యా" అన్నాడు.

"రాలేదు."

"మరి నేను మొక్కింది?"

రాయిని నేల మీద పెట్టాను. ఏడుపొచ్చింది, పసుపు చేతులతో తుడుచుకోలేక అట్లే వదిలేశాను. చీకటి పడకముందే గుడ్లు చల్లారిపోతాయని భయపడి ఇద్దరం వెనక్కి జరిగాం. తీతువు దిగి, ఒక్కో అడుగే నడిచి, గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది.

"సరేమ్మా" అని లేచాడు. "పొదిగేదాన్ని లేపి బోరేస్తే నీళ్లు పడ్తాయా? పడినా ఆ నీళ్లు చెట్లకు మంచివి కావు. తెలిసో తెలీకో పసుపు పెట్టి మొక్కినా. మొక్కింది మొక్కిందే. ఆ రాయి యాడుండిందో ఆడే పెట్టు." రెండడుగులు పోయి వెనక్కి తిరిగాడు. "అయితే నువ్వే చెప్పు. ఇంగ యాడ ఏద్దాం? ఊర్లో పిట్టలన్నీ నీకు తెలుసునే. నీళ్లు యాడుండాయో పిట్టలకు తెలీదా?"

హాస్యమాడుతున్నాడేమో అనుకున్నాను. కాదు, నిజంగానే అడిగాడు. నాకు తెలియదని చెప్పాను. నా జీవితంలో అంత చిన్నగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

బోరుబండిని వెనక్కి పంపితే మళ్లీ ఎన్నాళ్లకు వస్తుందో తెలియదు, చెట్లు అన్నాళ్లు ఆగవు. అందుకని మూడో రోజు పొద్దున బండి వచ్చింది, తోటకు అవతలి మూలలో వేశారు. నేను కట్ట మీద నిలబడ్డాను, దగ్గరికి పోలేదు. గొట్టం మీద గొట్టం దిగుతూనే ఉంది. తెల్లటి దుమ్ము లేచి చెట్ల మీద, చెరువులో మిగిలిన గుంట మీద, బీడు మీద పరుచుకుంది. చుట్టూ ఏమీ కనబడకుండా పోయింది. చలికాలపు మంచు గుర్తొచ్చింది, అంత సొంపుగానూ ఉంది, అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. దుమ్ములోంచి తీతువు అరుపు వినబడింది. ఒకసారి లేచింది, మళ్లీ కూర్చుంది. మధ్యాహ్నానికి మిషను ఆగింది. చివరిదాకా దుమ్మే వచ్చింది. తడి మన్ను కూడా రాలేదు.

పదిహేడు రోజులకు గుడ్లు పగిలాయి. ఒకటి మురిగిపోయింది, మూడు పిల్లలు. బొటనవేలంత దూదిపింజలు, పుట్టిన పూటే పరుగు. తల్లి ఒక్క కూత కూస్తే మూడూ ఉన్నచోటే నేలలో కలిసిపోయేవి. మూడేళ్లు ఎదురుచూసిన దృశ్యం. సంతోషించాను, అబద్ధమెందుకు. బైనాక్యులర్ కాస్త పక్కకు తిరిగితే ఆకులు ముడుచుకున్న చీనీ చెట్లు కనబడేవి. అందుకని తిప్పకుండా చూశాను.

ట్యాంకర్లతో నీళ్లు తోలి సగం చెట్లను నిలబెట్టారు. మిగిలిన సగం కొట్టేశారు. గొడ్డలి చప్పుడు కట్ట మీదికి వినబడేది. ఊర్లో ఒకాయన నాకు వినబడేట్టే అన్నాడు: "నర్సమ్మ ఊరికే పెట్టిందంటారుగానీ, ఆడ పెట్టాలని ఆమెకు తోచింది సూడు, అది దేవుడు తోపించిందే. ఆడ ఏసుంటే పడేది." ఆ మాట నన్ను వదల్లేదు. పడేదేమో. పడేది కాదేమో. ఏ పిట్టల పుస్తకంలోనూ దానికి జవాబు ఉండదు.

నేను తారు రోడ్డున పోవడం మొదలుపెట్టాను. టీకాలకు వేళకు పోతుంటే తల్లులు బెదిరిపోయారు. చెరువు మీద అలిగిన వాడి సామెత ఒకటుంది, మర్యాద కోసం దాని రెండో సగం ఇక్కడ రాయను. నా పరిస్థితి అచ్చం అదే. వానాకాలం వచ్చింది, పోతుందనుకునే సమయంలో మూడు రోజులు గట్టిగా కురిసింది. చెరువు సగానికి నిండిందని విన్నాను. పోలేదు. చలికాలంలో పట్టీల తల బాతులు దిగాయని విన్నాను. పోలేదు. ఇంట్లో టీ తాగుతూ కళ్లు మూసుకుంటే మాత్రం రెక్కల గాలి చెవులకు తగిలేది.

ఆ మాఘంలో పెద్దమ్మ తన మనవరాలికి టీకా వేయించడానికి వచ్చింది. బిడ్డ ఏడుపు ఆగేదాకా ఊరుకుని, తర్వాత నన్ను కడిగేసింది.

"ఏమ్మే, మా చెట్లు పోతే మేము బాధ పడాల. నువ్వెందుకు మొహం చాటేసినావు? మీ పెద్దనాయన దినామూ కట్ట మీదికి సూస్తాడు. చెయ్యి ఎత్తేకి మనిషి లేకపాయె."

ఎండలు ముదిరాక, ఒక పొద్దున మళ్లీ మట్టిదారి పట్టాను. తోట సగం తోటగా, సగం మోళ్లుగా ఉంది. మోళ్ల మధ్య కందులు వేసి కోసిన మొదళ్లు. చెరువు వెనక్కి జరిగి తన మట్టిని బయటపెట్టింది. బీడులో పెద్దనాయన వంగి ఏదో చేస్తున్నాడు. స్కూటరు ఆపి పోయాను.

నాలుగు రాళ్లు, ముగ్గుపిండి, ఒక వేపరెమ్మ. మధ్యలో, చూడటం తెలిసినవాళ్లకు మాత్రం కనబడే నాలుగు గుడ్లు. తీతువు మా ఇద్దరినీ తిడుతూ చుట్టూ తిరుగుతోంది.

"నిన్న పెట్టింది నాలుగోది" అన్నాడు, నేను రోజూ వస్తున్నట్టే. "కాపరికి చెప్పినా. ట్రాక్టరోనికి చెప్పినా."

ఇద్దరం గట్టు దాకా వెనక్కి వచ్చి కూర్చున్నాం. పిట్ట దిగింది. పోయినేడు పసుపు పూసిన రాయి పక్కకు దొర్లి ఉంది, వానకు పసుపు పోయింది. నీళ్లు చూసే ఆయన మళ్లీ వచ్చాడా అని అడిగాను. చలికాలంలో వచ్చాడట. బీడంతా తిరిగి, సరిగ్గా ఈ చోటనే కొబ్బరికాయ లేచిందన్నాడట.

"మరి ఏయిస్తివి కాదే పెద్దనాయనా? గుడ్లు అప్పుడు లేవు గదా!"

ఆయన మోళ్ల వైపు చూశాడు, తర్వాత రెమ్మ వైపు.

"ఎందుకులేమ్మా" అన్నాడు. "ఏసిన మూడూ ఎండిపోయినాయి. ఏయంది ఇదొక్కటే ఎండిపోల్యా. దీన్ని ఉండనీ."